మంట దగ్గర మొదటి మాట: అగ్నిమాపక అధికారి కమాండ్ చేపట్టి వ్యూహం నిర్ణయించే విధానం

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి పొలిమేరలో ఒక పెంకుటింటికి నిప్పంటుకుందని, ఒడిశా వైపు నుంచి ఒక వాటర్ టెండరు (నీళ్ల ట్యాంకున్న అగ్నిమాపక బండి), ఆంధ్ర వైపు నుంచి మరొకటి వచ్చాయని అనుకుందాం. మొదటి బృందం వీధి గుమ్మంలోంచి హోసు (నీటి గొట్టం) పట్టుకుని లోపలికి వెళ్లింది. కాసేపటికి వచ్చిన రెండో బృందం పెరటి కిటికీ పగలగొట్టి అక్కడి నుంచి నీటిధార వదిలింది. ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు, కానీ పెరటి ధార తోసిన పొగా ఆవిరీ వేడీ అన్నీ వీధి గుమ్మంలోంచి వెళ్లినవారి మీదికే వచ్చి పడ్డాయి. ఇక్కడ లోపించింది ధైర్యమో నీరో కాదు. ఆ స్థలంలో ఆజ్ఞ ఇచ్చే మనిషి ఒకడే ఉండాలి, ఒక కట్టడం మీద ఒక సమయంలో ఒకే వ్యూహం నడవాలి, ఆ రెండూ అందరికీ వినబడేలా పైకి చెప్పాలి. ఈ మూడింటిలో ఏది జారినా పైన చెప్పిన దృశ్యమే జరుగుతుంది.

ఈ పాఠానికి మన దేశంలో అత్యంత బాధాకరమైన ఉదాహరణ 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో జరిగింది. ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి, దానితోపాటే పత్తి బేళ్లు ఉన్నాయి. మధ్యాహ్నం పొగ కనబడింది మొదలు సాయంత్రం 4 గంటలు దాటాక పేలుడు జరిగేదాకా, ఓడను అక్కడే ముంచివేయాలా, సముద్రంలోకి లాగివేయాలా, నిలబడి ఆర్పాలా అన్నది తేల్చి చెప్పి, అందరిచేతా పాటింపజేసే అధికారి ఒక్కరూ లేకపోయారు. రేవువాళ్లు, సైన్యంవాళ్లు, ఓడవాళ్లు, అగ్నిమాపకులు అందరూ అక్కడే ఉన్నారు. ఆ రోజు పోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది స్మృతిలోనే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతున్నాము. స్టేషన్లలో దండలు వేస్తాము, ప్రదర్శనలు ఇస్తాము. ఆ ఓడ మీద నిర్ణయం ఎందుకు జరగలేదన్న చర్చ మాత్రం అంతగా జరగదు.

బెల్లు మోగినప్పటి నుంచి

కమాండ్, అంటే ఆజ్ఞ ఇచ్చే బాధ్యత, మంట దగ్గరికి చేరాక మొదలవుతుందనుకోవడం పొరపాటు. 101కో 112కో ఫోను వచ్చిన క్షణం నుంచే అధికారి మనసులో చిత్రం గీసుకోవడం మొదలుపెట్టాలి. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఇందుకు ఒక అదనపు చిక్కు ఉంది. ఒకే ఊరిని తెలుగువారు ఒకలా, ఒడియావారు ఒకలా, కొండ మీది సవరలు మరొకలా పలుకుతారు. మనం బరంపురం అనే పట్నమే బోర్డు మీద బ్రహ్మపుర అని ఉంటుంది. కంగారులో ఉన్న మనిషి తన ఇంట్లో పలికే పేరే చెబుతాడు కాబట్టి, ఊరి పేరుతోపాటు దగ్గరలోని గుడి, వంతెన, రైల్వే గేటు, మిల్లు వంటి గుర్తు ఒకటి తప్పక అడగాలి. స్టేషన్ పరిధిలోని ఊళ్లకు ఆయా భాషల్లోని పేర్లన్నీ రాసిన పట్టిక గోడ మీద ఉండటం ఏ పరికరానికీ తీసిపోని సాధనం.

తర్వాత అడగవలసినవి నాలుగు: లోపల మనుషులు ఉన్నారా, ఏం కాలుతోంది, బండి లోపలిదాకా వెళ్లే దారి ఉందా, నీళ్లు ఎక్కడ. వచ్చిన జవాబులను బట్టి రెండో టెండరును దారిలో ఉండగానే పిలవాలి. రెండు స్టేషన్ల మధ్య ఘాట్ రోడ్డు ఉన్న ప్రాంతంలో, స్థలానికి చేరి చూసి అప్పుడు పిలుద్దామనుకుంటే ఆ సాయం బూడిద చల్లారే వేళకు వస్తుంది. పిలిచిన బండిని అవసరం లేదని వెనక్కి పంపడం వల్ల పోయేది కాస్త డీజిలే.

ఆగడం, చూడడం, చెప్పడం

చేరగానే టెండరును సరిగ్గా ఇంటి ఎదుట ఆపకూడదు. ఇల్లు దాటి కొంచెం ముందుకు పోనిచ్చి ఆపితే, వస్తూనే ఒక పక్క, ఎదురు, దాటాక మరో పక్క కనబడతాయి. వెనక నుంచి వచ్చే బండ్లకు చోటూ మిగులుతుంది. ఆపిన వెంటనే అధికారి హోసు పట్టుకోకూడదు. అనుభవమున్నవారికి ఇదే అన్నిటికన్నా కష్టమైన నియమం, ఎందుకంటే పదేళ్లు బ్రాంచి (హోసు కొసన నీరు చిమ్మే గొట్టం) పట్టిన చేతులు ఊరుకోవు. అయినా బ్రాంచి పట్టిన మనిషికి కనిపించేది తన ఎదురుగా ఉన్న మంట మాత్రమే. కాబట్టి సిబ్బంది హోసు పరిచే ఆ ఒకటి రెండు నిమిషాల్లో అధికారి కట్టడం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి రావాలి. పూర్తిగా తిరగడానికి వీలులేని చోట, మన వీధి ఇళ్లలా గోడకు గోడ ఆనుకుని ఉన్న వరుసల్లో, వెనక వీధికి ఒక మనిషిని పంపి అతని కళ్లతో చూడాలి.

ఆ వెంటనే కంట్రోల్ రూముకు మొదటి నివేదిక ఇవ్వాలి. శాఖ వాకీటాకీలో మాట ఒడియాలోనే సాగినా, తెలుగులో చెప్పుకుంటే అది ఇంచుమించు ఇలా ఉంటుంది: "గుణుపూర్ టెండరు స్థలానికి చేరింది. రేకుల కప్పున్న పెద్ద షెడ్డు, పత్తి మిల్లు. తూర్పు కొసన దట్టమైన పొగ, కప్పు మీద మంట. ముగ్గురి ఆచూకీ తెలియలేదు. కమాండ్ నాది. గేటు దగ్గర వేపచెట్టు కింద ఉంటాను. ప్రస్తుతం బయటి నుంచే పని. ఇంకో రెండు టెండర్లు, అంబులెన్సు కావాలి." ఇందులో స్థలం, కట్టడం, మంట, ప్రాణాపాయం, ఆజ్ఞ ఇచ్చే మనిషి, అతను దొరికే చోటు, వ్యూహం, అవసరాలు అన్నీ ఉన్నాయి. "కమాండ్ నాది" అన్న రెండు మాటలను మొహమాటపడి మింగేసేవారు మనలో చాలామంది. పక్కన వయసులో పెద్ద లీడింగ్ ఫైర్‌మన్ ఉంటే చిన్న అధికారికి నోరు పెగలదు. అయినా పలికి తీరాలి, ఎందుకంటే ఆ మాట విన్న తర్వాతే రెండో బండి తనంతట తాను పెరటివైపు పోకుండా వేపచెట్టు దగ్గరికి వస్తుంది.

పొగను, కట్టడాన్ని చదవడం

మంట కన్నా పొగే ఎక్కువ చెబుతుంది. ఎంత వస్తోంది, ఎంత వేగంగా వస్తోంది, ఎంత చిక్కగా ఉంది, ఏ రంగులో ఉంది అన్న నాలుగూ కలిపి చూడాలి. తలుపు పైభాగం నుంచి బద్ధకంగా తేలుతూ వచ్చే పలుచని పొగ, నిప్పు ఇంకా చిన్నదనో దూరంగా ఉందనో సూచిస్తుంది. సుళ్లు తిరుగుతూ, ఒత్తిడితో తన్నుకొస్తున్న నల్లని పొగ అయితే అది ఇంకా అంటుకోని ఇంధనమే. గది పైభాగంలో వేడి 500–600 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే గదిలోని వస్తువులన్నీ దాదాపు ఒక్కసారే భగ్గుమంటాయి, అప్పుడు లోపల ఉన్నవారికి బయటపడే వ్యవధి ఉండదు. తలుపు సందుల్లోంచి పొగ బయటికి వస్తూ, మళ్లీ లోపలికి పీల్చుకున్నట్టు కదులుతుంటే, నిప్పు గాలికి ఆకలిగొని ఉందని అర్థం. ఆ తలుపును ఆలోచించకుండా తెరవకూడదు.

కట్టడం విషయంలో ఈ జిల్లాల్లో ప్రధానంగా మూడు రకాలు ఎదురవుతాయి. తాటాకు, గడ్డి కప్పుల వరుస ఇళ్లలో నిప్పు గదిలోంచి గదిలోకి కాక కప్పు మీద నుంచి కప్పు మీదికి దూకుతుంది. పాత పెంకుటిళ్లలో వాసాలు, దూలాలు కాలి పెంకుల బరువంతా ఒక్కసారి కూలుతుంది. మిల్లుల, గోదాముల రేకుల షెడ్లలో కప్పును మోసే ఇనుప చట్రాలు, అంటే ట్రస్సులు, ఉంటాయి. ఏ పూతా లేని ఉక్కు సుమారు 550 డిగ్రీల దగ్గర తన బలంలో సగం కోల్పోతుంది, వంగుతూ పక్క గోడలను బయటికి తోస్తుంది. అందుకే గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల ఎవరినీ నిలబడనివ్వకూడదు. ఆరు మీటర్ల గోడ అయితే తొమ్మిది మీటర్లు. అది అడుగులు లెక్కపెట్టి, తాడుతోనో రాళ్లతోనో గుర్తు పెట్టవలసిన గీత.

మనుషుల గురించిన సమాచారం సాధారణంగా గుంపు నుంచే వస్తుంది, అందులో నిజం, భయం కలగలిసి ఉంటాయి. "లోపల ముగ్గురున్నారు బాబూ" అని కాపలాదారు ఏడుస్తూ చెబితే, ఏ ముగ్గురు, చివరిసారి ఎప్పుడు చూశావు, ఏ మూల పని చేస్తున్నారు అని నిదానంగా అడిగి, మేస్త్రీని పిలిచి హాజరు పుస్తకంతో సరిచూడాలి. పనివాళ్లలో తెలుగువారు, ఒడియావారు, సవరలు కలిసి ఉంటారు కాబట్టి, వాళ్లలో మూడు భాషలూ వచ్చిన ఒకరిని అధికారి తన పక్కనే నిలుపుకోవడం మంచిది.

లోపలికా, బయటి నుంచా

వ్యూహం అనే మాట పెద్దదైనా నిర్ణయం నిజానికి ఇంతే: మనుషులను లోపలికి పంపి మంట మొదట్లోనే కొట్టాలా, లేక మంటకు కొంత వదిలేసి బయటి నుంచి మిగతాది కాపాడాలా. మొదటిది దాడి, రెండోది రక్షణ. బయటి నుంచి కాసేపు నీరు కొట్టి వేడి తగ్గించి, ఆ తర్వాత లోపలికి వెళ్లడం కూడా ఉంది, అయితే అది ఒక వరుసలో జరగాలి. ముందు బయటి ధార ఆగాలి, తర్వాతే మనుషులు గుమ్మం దాటాలి. రెండూ ఒకేసారి నడవకూడదు.

నిర్ణయానికి అధికారి తనను తాను మూడు ప్రశ్నలు వేసుకోవాలి. లోపల బతికి ఉండగల మనిషి ఉన్నాడా? మనం ఉండవలసినంతసేపు కట్టడం నిలుస్తుందా? మంటకు సరిపడే నీరు మన చేతిలో ఉందా? మొదటి ప్రశ్నకు జవాబు అవునైతే ఎక్కువ సాహసం చేయవచ్చు. ఆస్తి మాత్రమే ఉంటే తక్కువ సాహసమే తగును. ఇప్పటికే పోయిన దాని కోసం ఏ సాహసమూ కూడదు. ఎక్కువమంది మరచిపోయేది మూడో ప్రశ్నను, కాబట్టి ఆ లెక్క వివరంగా చూద్దాం.

మన దగ్గర సాధారణంగా కనబడే వాటర్ టెండరులో 4,500 లీటర్లు ఉంటాయి. 20 మిల్లీమీటర్ల నాజిల్‌ను సుమారు 3.5 బార్ ఒత్తిడితో నడిపితే నిమిషానికి దాదాపు 500 లీటర్లు పోతాయి, అంటే ట్యాంకు తొమ్మిది నిమిషాల్లో ఖాళీ. 12.5 మిల్లీమీటర్ల నాజిల్ అయితే నిమిషానికి 200 లీటర్ల లోపే పోతుంది కాబట్టి ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు వస్తుంది. ఇప్పుడు వంశధారకో, దగ్గరి బోరుబావికో వెళ్లి నింపుకుని రావడానికి మొత్తం 25 నిమిషాలు పడుతుందనుకుంటే, ఒక టెండరు నిలకడగా ఇవ్వగలిగేది నిమిషానికి 180 లీటర్లు మాత్రమే. అంటే ఒక చిన్న నాజిల్‌ను కూడా ఎడతెగకుండా నడపలేదు.

మంటకు ఎంత కావాలి? అమెరికా అగ్నిమాపక శిక్షణలో వాడే ఒక ముతక లెక్కను మన కొలతల్లోకి మార్చుకుంటే, పూర్తిగా అంటుకున్న ప్రతి చదరపు మీటరు నేలకు నిమిషానికి సుమారు 13.6 లీటర్లు వస్తుంది. మూడు మీటర్లు, నాలుగు మీటర్లు ఉన్న గదికి 163 లీటర్లు చాలు, చిన్న నాజిల్‌తో లోపలికి వెళ్లి కొట్టవచ్చు. పది మీటర్ల వెడల్పు, పదిహేను మీటర్ల పొడవు షెడ్డంతా కాలుతుంటే 2,000 లీటర్లకు పైగా కావాలి. చేతిలో నిలకడగా 180 ఉంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసినవాడు ఆ షెడ్డులోకి మనుషులను పంపడు. మిల్లు యజమాని ఎంత మొత్తుకున్నా, ఉన్న నీటిని ఇంకా అంటుకోని ప్రెస్ గది మీద, బేళ్ల గోదాము గోడ మీద పెడతాడు.

రక్షణ వ్యూహంలో అన్నిటికన్నా కఠినమైన నిర్ణయం వరుస ఇళ్ల దగ్గర ఎదురవుతుంది. చైత్రం ఎండలో పడమటి గాలి వీస్తుండగా రెండో ఇల్లు కాలుతోంది, మూడో కప్పు పొగలు కక్కుతోంది. నీళ్లు మూడో ఇంటి మీద పోస్తే, హోసు సర్దేలోపే నిప్పు నాలుగోది దాటుతుంది. అందుకని అధికారి మూడు, నాలుగు ఇళ్లలోని మనుషులను, పశువులను, గ్యాస్ సిలిండర్లను బయటికి తెప్పించి, ఐదో ఇంటి కప్పు లాగించివేసి, ఆరో ఇంటి కప్పును తడిపి అక్కడ నిలబడతాడు. కాలని ఇంటి కప్పు పీకుతుంటే ఆ ఇంటామె శాపనార్థాలు పెడుతుంది. ఆమెకు ఎందుకో చెప్పడానికి ఊరి పెద్ద ఒకరిని నియోగించాలి గాని, అధికారి తాను వాదనకు దిగకూడదు.

విద్యుత్తు సంగతి చిన్నదే అయినా వదలరానిది. లైన్‌మ్యాన్ వచ్చి ఏబీ స్విచ్చి (లైన్‌లో కరెంటు ఆపే స్విచ్చి) లాగి, లాగానని అధికారికి నోటితో చెప్పేదాకా కరెంటు ఉన్నట్టే లెక్క.

మనుషులను పంచడం

ఒక మనిషి నేరుగా చూసుకోగలిగేది మూడు నుంచి ఏడు బృందాలను, ఐదు అయితే ఉత్తమం. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో వెలువరించిన ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టం (విపత్తు వేళ ఎవరి బాధ్యత ఏమిటో చెప్పే ఏర్పాటు) మార్గదర్శకాలూ ఇదే పద్ధతిని పాటిస్తాయి. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో బాధ్యత కలెక్టరుది, స్థలంలో ఆజ్ఞ ఇన్సిడెంట్ కమాండర్‌ది. కలెక్టరుగారు వచ్చి ఏ గుమ్మంలోంచి వెళ్లాలో చెప్పడం ఆ పద్ధతిలో లేదు. ఆచరణలో పెద్దవారెవరైనా వచ్చి సలహా ఇవ్వబోతే, ఒక అధికారిని వారి పక్కన ఉంచి వివరాలు చెప్పిస్తుండటం మర్యాదా కాపాడుతుంది, పనినీ కాపాడుతుంది.

మూడు బండ్లు చేరేసరికే పని పంచాలి: తూర్పు వైపు ఒకరికి, పడమర వైపు ఒకరికి, నీటి సరఫరా ఒకరికి. కొత్తగా వచ్చే బండ్లు నేరుగా మంట దగ్గరికి రాకుండా, రోడ్డు మీద చెప్పిన చోట ఆగి పిలుపు కోసం వేచి ఉండాలి. ఇరుకు సందులోకి ఒకసారి దూరిన టెండరు తన వెనక వచ్చిన రెండింటినీ కదలనివ్వదు.

శ్వాస పరికరాలతో లోపలికి వెళ్లేవారి పేర్లు, సిలిండర్ ఒత్తిడి, వెళ్లిన సమయం గుమ్మం దగ్గర ఒక పలక మీద రాయాలి. ఆరు లీటర్ల సిలిండరు 300 బార్ల ఒత్తిడిలో 1,800 లీటర్ల గాలి ఇస్తుంది. నిమిషానికి 40 లీటర్ల చొప్పున 45 నిమిషాలు, అత్యవసరానికి 50 బార్లు మిగుల్చుకుంటే 37 నిమిషాలు. ఆయాసపడి పనిచేసే మనిషి ఇంకా త్వరగా పీల్చేస్తాడు. ప్రతి పదిహేను, ఇరవై నిమిషాలకొకసారి కమాండర్ అందరి హాజరు వాకీటాకీలో తీసుకోవాలి. గుమ్మం బయట ఇద్దరు పూర్తి సన్నద్ధతతో, వేరే పని ఏదీ పెట్టుకోకుండా, లోపలివారి కోసమే నిలబడి ఉండాలి. సిబ్బంది తక్కువ కాబట్టి ఈ ఇద్దరినీ హోసు లాగడానికి పంపాలనే ఆశ పుడుతుంది. ఇద్దరిని నిలపలేనప్పుడు, పిలిస్తే పలికే ప్రాణం ఎదురుగా ఉంటే తప్ప, లోపలికి పంపకపోవడమే సరి.

వ్యూహం మార్చడం, కమాండ్ అప్పగించడం

లోపలికి పంపిన పది నిమిషాల్లో పొగ పలచబడి తెల్లగా ఆవిరి రాకపోతే, నీరు మంట మొదటికి చేరడం లేదని గ్రహించాలి. గోడ బీటలు, కప్పు కుంగడం, ట్రస్సుల కిర్రుమనే చప్పుడు, నీరు సగానికి పడిపోవడం, వీటిలో ఏది కనబడినా ఆలస్యం తగదు. ముందే కుదుర్చుకున్న సంకేతంతో, ఉదాహరణకు అన్ని బండ్ల హారన్లు ఒకేసారి మోగించి, అందరినీ బయటికి రప్పించాలి. హాజరు తీసుకుని లెక్క సరిపోయాకే బయటి ధారలు మొదలుపెట్టాలి. హోసు లోపలే వదిలి రమ్మని స్పష్టంగా చెప్పాలి. ప్రభుత్వ ఆస్తి పోతుందని హోసు చుట్టుకుంటూ నిలబడే మనస్తత్వం మనవాళ్లలో ఉంది, అది మెచ్చుకోదగినదే గాని ఆ క్షణంలో కాదు.

పై అధికారి వచ్చినంత మాత్రాన కమాండ్ తనంతట తాను ఆయన చేతికి పోదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఏం జరిగింది, ఇప్పుడు ఏ వ్యూహం నడుస్తోంది, ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏం కావాలి అన్నది మాట్లాడుకున్న తర్వాత, "ఇకపై కమాండ్ నాది" అని వచ్చిన అధికారి వాకీటాకీలో ప్రకటించాలి. సరిహద్దు అవతలి బృందం విషయంలోనూ అంతే: ఎవరి భూభాగంలో మంట ఉందో వారిది కమాండ్, వచ్చినవారు ఒక బృందంగా ఆయన కింద పనిచేస్తారు. ఇరువైపులా వాకీటాకీ ఛానళ్లు కలవకపోతే, అవతలి బృందం నుంచి ఒక మనిషిని వాళ్ల సెట్టుతో సహా కమాండర్ పక్కన నిలబెడితే సరిపోతుంది.

వెనక్కి తగ్గడమే వ్యూహమైనప్పుడు

పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం, బరంపురం మధ్య గ్యాస్ ట్యాంకరు బోల్తా పడితే పై లెక్కలన్నీ మారతాయి. ముందు దూరం నుంచి ట్యాంకరు వెనక పలక చదవాలి: 1075 అంటే వంట గ్యాస్, 1203 అంటే పెట్రోలు, 1202 అంటే డీజిలు. వంట గ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి పల్లంలోకి, కాలువలోకి పారుతుంది. గాలి వీచే దిక్కు నుంచి, మెరక నుంచి మాత్రమే దగ్గరికి వెళ్లాలి. ట్యాంకును మంట తాకుతుంటే 1,600 మీటర్ల మేర జనాన్ని ఖాళీ చేయించాలి. సేఫ్టీ వాల్వు ఈల గట్టిపడుతున్నా, ట్యాంకు రంగు మారుతున్నా సిబ్బంది కూడా పరుగున వెనక్కి రావాలి. సమృద్ధిగా నీరు, మనిషి పట్టనవసరం లేకుండా నిలబెట్టి నీరు కొట్టే మానిటరు, రెండూ ఉంటేనే ట్యాంకును చల్లార్చే ప్రయత్నం చేయాలి. ఒక్క టెండరుతో ఆ పని మొదలుపెట్టకూడదు. కారుతున్న గ్యాస్‌ను ఆపే వీలు లేకుండా దాని మంటను మాత్రం ఆర్పడం మరింత ప్రమాదం, ఎందుకంటే ఆరిన గ్యాస్ పరుచుకుని మరో నిప్పును వెతుక్కుంటుంది.

తుఫాను వేళ సమస్య వేరు. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు రెండు వైపుల జిల్లాలూ దెబ్బతిన్నాయి. తిత్లీ వర్షాలకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అటువంటి రాత్రి ఒకేసారి ఇరవై పిలుపులు వస్తాయి, రోడ్ల మీద చెట్లు పడి ఉంటాయి. అప్పుడు అధికారి స్టేషన్‌లోనే కూర్చుని, ప్రాణాపాయం ఉన్నవి, దారి తెరిస్తే మరో పదింటికి ఉపయోగపడేవి, ఆగగలిగేవి అని పిలుపులను వేరుచేయాలి. కోత యంత్రమున్న బండిని ముందు నడిపి, మిగతావాటిని దాని వెనక పంపాలి. 1999 తుఫాను తర్వాత ఒడిశా ఏర్పరచుకున్న ఓడ్రాఫ్ (విపత్తు సహాయక) దళాలు రంగంలో ఉంటే, వారికి ఏ ఊళ్లు అప్పగించారో పటం మీద గీత గీసి చూపించాలి.

మంట ఆరిన తర్వాత

గడ్డి ఇళ్ల దగ్గర ఈ పని త్వరగా ముగుస్తుంది, పత్తి దగ్గర ముగియదు. సుమారు 170 కిలోల బేలు గట్టిగా బిగించి ఉంటుంది. పైన ఆరినట్టు కనిపించినా నిప్పు పొరల మధ్య పాకుతూ, గంటల తర్వాత కూడా మళ్లీ పొగ కక్కుతుంది. కాబట్టి కాలిన బేళ్లను కూలిపోని చోటు నుంచి ఒక్కొక్కటిగా ఆరుబయటికి లాగించి, పట్టీలు కోసి, విప్పి తడపాలి. తడిసిన పత్తి బరువు బాగా పెరుగుతుంది కాబట్టి అటక మీద, మెజ్జనైన్ (మధ్య అంతస్తు) మీద ఉన్న బేళ్ల కిందికి ఎవరినీ పంపకూడదు. కాలని బేళ్లను కాలినవాటికి దూరంగా, గాలికి ఎదురువైపున పేర్చాలి. ఈ దశలో పొగ తక్కువగా ఉందని శ్వాస పరికరాలు తీసేయడం మామూలే గాని, విషవాయువులు అప్పుడూ ఉంటాయి.

స్థలం విడిచే ముందు కమాండర్ చివరి హాజరు తీసుకుని, రాత్రి కాపలాకు ఒక చిన్న బృందాన్నో, నింపిన హోసుతో మిల్లు మనుషులనో నిలిపి, రెండు గంటలకొకసారి వచ్చి చూసే ఏర్పాటు చేయాలి. లాగ్ పుస్తకంలో పిలుపు వచ్చిన సమయం, చేరిన సమయం, కమాండ్ ప్రకటించిన సమయం, వ్యూహం మార్చిన సమయం, కమాండ్ చేతులు మారిన సమయం, చివరి హాజరు తీసుకున్న సమయం విడివిడిగా రాసి, ఆ పేజీ కింద తన సంతకం, తన తర్వాత కమాండ్ తీసుకున్న అధికారి సంతకం రెండూ ఉండేలా చూసుకోవాలి.